ఎడమ బొటనవేలు

భయం నాకు మొదట ఎడమచేతి బొటనవేలికి వచ్చింది.

ఇపో అనే ఊళ్లో, వాన వెలిసిన ఒక సాయంత్రం, రగ్బీ ఆటలో బంతి పట్టుకుని మీదికి వస్తున్న మనిషిని పడగొట్టి లేస్తుంటే మెడ నుంచి వేలి దాకా కాలిన తీగ ఒకటి సర్రున లాగినట్టయింది. ఆ తరవాత నాకు ఎడమ చెయ్యి లేదు. ఉంది, భుజం నుంచి వేలాడుతూ కళ్లకు కనిపిస్తోంది, కాని నా మాట వినడం లేదు. నేను దాన్ని కుడిచేత్తో పట్టుకుని నిక్కరు నడుం పట్టీలో దోపుకుని, మిగతావాళ్లతో పాటు వెనక్కి పరుగెత్తాను. ఎవరూ చూడలేదు. కాసేపటికి మంట తగ్గింది, నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. బొటనవేలు మాత్రం తిరిగి రాలేదు. గిల్లితే తెలియలేదు, కొరికితే తెలియలేదు.

ఆ ఆట చివరిదాకా ఆడాను. తరవాత ఇంకో నాలుగు ఆటలు కూడా ఆడాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో మనుషుల్ని తీసుకొచ్చి మలయ్ దేశంలో కువాలా సెలంగోర్ దగ్గర రబ్బరు తోటలో పనికి పెట్టిన కంగాణి. కంగాణి అంటే కూలీల మీద పెద్ద. ఆయన తరవాత మా తాత పెద్ద కంగాణి అయ్యాడు. దొర బంగళా తీసేస్తే ఆ తోటలో పెంకుటిల్లు మాదొక్కటే. వరండాకి ఏడు మెట్లు. తెల్లవారకముందే కూలీలందరూ ఆ మెట్ల కింద నిలబడితే, తాత వెండి పిడి చేతికర్ర చంకలో పెట్టుకుని, హాజరు పుస్తకం తెరిచి ఒక్కొక్క పేరూ పిలిచేవాడట. నేను ఆయన్ని చూడలేదు. ఆ కర్ర చూశాను. ఇప్పుడు మా అద్దె ఫ్లాటులో గోడకి ఉంది.

ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, పౌరసత్వానికి పేర్లు రాయించుకోమని తోట ఆఫీసు ముందు బల్ల వేశారు. రాయించుకున్నవాళ్లకి నీలం కార్డు, లేనివాళ్లకి ఎర్ర కార్డు. తాత రాయించుకోలేదు. తన చేతికింద కూలీల వెనక తాను వరసలో నిలబడనన్నాడు. ఇది మా బంధువులందరికీ తెలిసిన కథ. పెళ్లిళ్లలో, పూజల్లో ఎవరో ఒకరు చెప్పేవారు, విన్నవాళ్లు తల పంకించేవారు. ఎర్ర కార్డు ఉన్నవాళ్లు పని చేయాలంటే పర్మిట్ కావాలని తరవాత రూలు వచ్చింది. తాతకి పర్మిట్ రాలేదు. పెద్దరికం పోయింది, దానితో పాటు తోటవాళ్లు ఇచ్చిన ఇల్లూ పోయింది. మామ్మది మాత్రం నీలం కార్డు. ఆమె పేరు మీద కూలీ లైన్లలో, అంటే వరసగా కట్టిన కూలీల గదుల్లో, చివరి గది ఇచ్చారు. మామ్మ అంటే మా నాన్న తల్లి. ఆమెకి నీలం, ఆయనకి ఎరుపు ఎందుకయ్యాయో నేను ఎన్నడూ అడగలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఆ గది తలుపు పొట్టిది. లోపలికి వెళ్లాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. తాత వంచలేదట. నడుం నిటారుగా ఉంచి, చూపు ఎదురుగా పెట్టి, మోకాళ్లు మాత్రం మడిచి, కుర్చీలో కూర్చోబోతున్నవాడిలా కిందికి దిగి లోపలికి నడిచేవాడట. నాన్న అలాగే నడిచాడు. నాకు పదేళ్లు వచ్చేదాకా మేం ఆ గదిలోనే ఉన్నాం. మామ్మ గడప పక్కన నిలబడి నాకూ అదే నేర్పింది.

"నడుం వంచకు. మోకాలు వంచు. మీ తాత ఎలాగ ఎల్లినాడో అలాగ ఎల్లు."

పక్క గదుల పిల్లలు చూసి పకపకా నవ్వేవారు. బాతు అని పేరు పెట్టారు. నేను వాళ్ల వైపు తల తిప్పేవాణ్ణి కాదు.

ఆ నడకే నన్ను ఆటగాణ్ణి చేసింది. బడిలో అందరూ ఆడే రగ్బీ పదిహేను మందిది. ఆ జట్టుకి శిక్షణ ఇచ్చేది సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక మలయ్ పెద్దమనిషి. ఎదుటివాడు పరుగెత్తుకొస్తుంటే పిల్లలందరూ నడుం వంచి, కళ్లు మూసుకుని, తల ముందుకు పెట్టి దూకుతారు. నేను మోకాళ్లు మడిచి, వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు తెరిచి వెళ్లాను. వాడు నా భుజం మీంచి వెల్లకిలా పడ్డాడు. ఆయన ఈల నోట్లోంచి తీసేశాడు.

"నీకు ఇది ఎవరు నేర్పారు?"

"మా ఇంటి తలుపు, సార్."

ఆయన మిగతా పిల్లల వైపు తిరిగి, "అయితే వీళ్లందరి ఇళ్లకీ ఆ తలుపే పెట్టించాలి" అన్నాడు.

చాలా ఏళ్ల తరవాత ఆయనే ఫోను చేశాడు. అప్పటికి నేను ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఆ పని గురించి నాకు సిగ్గు లేదు. పదమూడు మంది ఆడే రగ్బీ అని ఇంకోటి ఉందనీ, బయటి దేశాల్లో దాని కోసం ఊళ్లకి ఊళ్లే కదులుతాయనీ, మన దేశంలో అప్పుడప్పుడే మొదలవుతోందనీ చెప్పాడు. ఆయన పోగుచేసిన జట్టులో ఎక్కువమంది పదిహేను మంది ఆటలో చోటు దొరకనివాళ్లే. సైబర్‌జయ అనే ఊళ్లో ఒక మైదానం దొరికింది. గీతలు మేమే సున్నంతో గీసుకున్నాం. పక్క మైదానంలో హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చిన కంప్యూటరు ఉద్యోగులు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవారు. వాళ్లలో కొందరి ఇళ్లలో ఏసీలకి గ్యాస్ నింపింది నేనే. మైదానంలో చూస్తే గుర్తుపట్టేవారు కారు.

ఈ ఆట చెప్పడానికి తేలిక. బంతి పట్టుకుని వచ్చినవాణ్ణి పట్టి పడగొట్టాలి. అతను లేచి బంతిని పాదంతో వెనక్కి దొర్లిస్తాడు. పడగొట్టినవాళ్లు పది మీటర్లు వెనక్కి పరుగెత్తి మళ్లీ ఎదురు రావాలి. ఆరుసార్లు పడగొడితే బంతి మనది. పడగొట్టడం, లేవడం, వెనక్కి పోవడం, మళ్లీ రావడం. నా స్థానంలో ఆడేవాడు ఒక్క ఆటలో ముప్ఫైసార్లు ఆ పని చేస్తాడు. ముప్ఫైసార్లూ భుజం, మెడ, తల అడ్డం పెడతాడు.

మొదటి ఆటలో నా వల్ల మేం ఓడిపోయాం. ఒకణ్ణి పడగొట్టి లేస్తుంటే నా బూటు అతని చెంపకి తగిలింది. వెంటనే నా చెయ్యి వెళ్లి అతని భుజాన్ని తాకి నా కళ్లకి అద్దుకుంది. నేను అనుకుని చేయలేదు. మనిషికి కాలు తగిలితే చెయ్యి చేసే పని అది. ఆ క్షణంలో నా పక్కన ఖాళీ వదిలేశాను. ఇంకొకడు అందులోంచి దూసుకుపోయి గీత దాటాడు.

"ఏం చేస్తున్నావ్ అక్కడ? ప్రార్థనా?" అని కోచ్, అదే ఆ మలయ్ పెద్దమనిషి, అరిచాడు.

"కాలు తగిలింది, సార్."

"రగ్బీలో కాలు తగలక పువ్వులు తగులుతాయా?"

మా జట్టులో ముందు నిలబడి ఢీకొనేవాడు సబా రాష్ట్రం నుంచి వచ్చిన లారీ డ్రైవరు, తలుపంత మనిషి. నా నిటారు నడుం చూసి నాకు రాజా అని పేరు పెట్టాడు. అతను నేలమీద దొర్లి దొర్లి నవ్వాడు. "రాజా, నన్ను రోజూ తొక్కుతున్నావు కదా, నాకు ఒక్కసారీ ఆ దండం పెట్టలేదే! నేను మనిషిని కానా?"

ఆ రోజు నుంచి అభ్యాసంలో ఎవరు ఎవర్ని తొక్కినా భుజం తాకి కళ్లకద్దుకోవడం జట్టులో పరాచికమైపోయింది. నేను నవ్వలేదు. నా వెనక ఒక పద్ధతి ఉందనీ, వీళ్లకి అది తెలియదనీ అనుకున్నాను. అయినా వాళ్లు చేస్తుంటే చూడటం బాగానే ఉండేది.

ఇపో తరవాత ఆ నవ్వులు నాకు వినపడటం మానేశాయి. పొద్దున్న లేవగానే కళ్లు తెరవకుండా ముందు వేళ్లు లెక్కపెట్టేవాణ్ణి. చిటికెన ఉంది, ఉంగరపుది ఉంది, నడిమిది ఉంది, చూపుడు కొంచెం ఉంది. బొటనవేలు లేదు. వేడి టీ గ్లాసుకి ఆనించి చూసేవాణ్ణి. చర్మం ఎర్రబడేది, నాకు తెలిసేది కాదు. ఒకరోజు ఒకరింట్లో ఏసీ బాగుచేస్తూ నిచ్చెన మీదుండగా ఎడమచేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది. జారడం నాకు తెలియలేదు, కింద గచ్చు మీద చప్పుడు వినపడ్డాక తెలిసింది. కింద ఆ ఇంటి చంటిపిల్ల పాకుతోంది. పిల్లకి రెండడుగుల అవతల పడింది. ఆ ఇల్లాలు, "పర్లేదండీ" అంది. నాకు మాత్రం నిచ్చెన దిగడానికి చాలాసేపు పట్టింది.

ఆటలో ఇంకా ఘోరంగా ఉండేది. అంతకుముందు నేను కళ్లు తెరిచి వెళ్లేవాణ్ణని చెప్పాను. ఇప్పుడు ఎదుటివాడు దగ్గరికి వచ్చేసరికి కళ్లు వాటంతట అవే మూసుకునేవి. ప్రతి దెబ్బకీ తీగ లాగేది. మూడోసారి చెయ్యి పడిపోయినప్పుడు పక్కనున్న మసీదులో సాయంత్రం అజాన్ మొదలైంది. అది ముగిసేదాకా చెయ్యి రాలేదు. అజాన్ అంత పొడుగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఇది ఈసారి రాదేమో అనుకుంటూ గీత అవతల నిలబడి, సీసా మూత పళ్లతో తీసి నీళ్లు తాగాను.

దాన్ని ఒకమ్మాయి చూసింది. విజయవాడ నుంచి వచ్చి అక్కడే ఫిజియోథెరపీ చదువుకుంటోంది. మా జట్టుకి పట్టీలు కట్టడానికి వారానికి రెండురోజులు వచ్చేది. నేను కళ్లకద్దుకోవడం చూసి, "అన్నా, మీరు తెలుగా?" అని తనే పలకరించింది. నేను రెండు మాటలు చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కోపం తెచ్చుకోకండన్నా. మీ మాట వింటుంటే మా తాతగారింట్లో పాలేరు గుర్తొస్తున్నాడు. అచ్చం ఇలాగే మాట్లాడేవాడు. చాలా మంచివాడు."

పెద్ద కంగాణి మనవణ్ణి నేను. ఆ తరవాత పది రోజులు ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడాను.

ఆ సాయంత్రం ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "రెండు చేతులూ పక్కకి చాపండన్నా."

"ఏటీ లేదమ్మా. బాగానే ఉన్నాది."

"చాపండి."

చాపాను. ఎడమది భుజం దాకా రాకుండానే వణికింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. నా తలని మెల్లగా ఎడమవైపు వంచి పైనుంచి కొంచెం నొక్కింది. తీగ లాగింది. నేను అరవలేదు, కాని ఆమెకి తెలిసిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇయ్యాలే."

"అబద్ధం. ఈ భుజం కండ చూడండి, ఎంత తగ్గిపోయిందో. మెడలో నరం నొక్కుకుంటోంది. మీరు ఆడకూడదు. స్కాన్ తీయించాలి. కోచ్‌కి చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అప్పటికి రెండు రోజుల ముందే కోచ్ జట్టు పేర్లు చదివాడు. దేశం తరఫున సొంతగడ్డ మీద మొదటి ఆట, పొరుగు దేశం జట్టు మీద. నా నంబరు పన్నెండు. తాత అందరి పేర్లూ పిలిచేవాడు గాని, మా ఇంట్లో ఎవరి పేరునీ ఎవరూ అలా గట్టిగా చదవలేదు. ఆటరోజు వరకు ఆగమని ఆమెని అడిగాను. అడిగానంటే, బతిమాలాను. నేను ఎవరినైనా బతిమాలడం అదే మొదలు.

"ఆటరోజు ఆట మొదలవకముందు," అంది. "మీరు చెప్పకపోతే నేను చెప్పేస్తాను. ప్రామిస్."

ఆటకి ముందురోజు మధ్యాహ్నం మామ్మ వంటింట్లో కింద కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. నాన్న లారీ తోలుకుని దక్షిణం వైపు వెళ్లాడు. జెర్సీ తెచ్చినరోజే మామ్మ దాన్ని తాత కర్ర ఉన్న మేకుకే తగిలించింది. నేను లోపలికి వెళ్లగానే, "ఈ సేట పట్టుకో, గిన్ని కడిగొస్తాను" అని అందించింది. ఎడమచేత్తో అందుకున్నాను. చేట పట్టుకున్నాననే అనుకున్నాను. నెత్తళ్లన్నీ గచ్చు మీద జల్లుమన్నాయి.

మామ్మ వాటిని చూడలేదు. నా చెయ్యి చూసింది.

"ఏటయింది సేతికి?"

"ఏటీ లేదు."

"నా దగ్గిరా ఆ మాట?"

చెప్పాను. సగం చెప్పాను. ఆమె నా బొటనవేలు పట్టుకుని గోరుతో గట్టిగా నొక్కింది. నేను కదల్లేదు. కదలనందుకే ఆమె భయపడింది.

"మానీ. ఆట మానీరా అయ్యా."

"ఇప్పుడు ఎనక్కి తగ్గితే ఏటంటారు? తాత ఎవుడికీ తగ్గలేదు. కూలోళ్ల ఎనకాల వరసలో నిలబడలేదు. ఇల్లు పోయినా నిలబడలేదు. నేను ఆయన మనవణ్ణి."

మామ్మ చేట పక్కన పెట్టింది.

"నిలబడినాడురా."

"ఎక్కడ?"

"వరసలోన. నేనూ ఎల్లినాను. మీ నాన్న కడుపులోన ఉన్నాడు. మీ తాత ఇస్త్రీ సొక్కా తొడిగి, ఆ కర్ర పట్టుకొని, కూలోళ్ల ఎనకాలే నిలబడినాడు. ఆళ్లే జరిగి, 'ముందుకి రా కంగాణీ' అన్నారు. ముందర ముగ్గురే ఉన్నారు. అప్పుడు సూసినాడు, బల్లమీద సిరా డబ్బీ. వొచ్చినోడల్లా ఏలు ముంచి కాగితం మీద అద్దుతున్నాడు."

"అయితే?"

"ఆయనకి సదువు రాదు."

"తాతకా? హాజరు పుస్తకం సదివేవాడు కదా, పొద్దున్నే, మెట్ల మీద!"

"పేర్లన్నీ నోటికొచ్చును. పుస్తకం తలకిందులు పట్టుకున్నా అలాగే సదివీవోడు. నాకు తెలుసును, దొరకి తెలుసును. కూలోళ్లకి తెల్దు. కంగాణికి సంతకం వొచ్చునని ఆళ్ల నమ్మకం. ఆళ్లందరి ముందర ఏలెయ్యాల. సెమటలు పట్టీసినాయి. సెయ్యి వొణికి ఆ కర్ర కింద పడిపోయింది, వెండి సొట్ట పడింది సూడు. తీసుకొని ఎనక్కి ఒచ్చీసినాడు. నన్ను కూడా పిలవలేదు. సాయంత్రం జనం అడిగితే, 'కూలోళ్ల ఎనకాల నేను నిలబడతానేటి' అన్నాడు. భలే అన్నారందరూ."

"నువ్వు?"

"నేను ఏలు ఏసినాను. నాకేటి సిగ్గు? రెండు దినాలు నలుపు పోలేదు. ఆయన సూడకుండా కొంగులోన దాసుకున్నాను."

నాకు కోపం వచ్చింది. అబద్ధం అన్నాను. ముసలితనం వచ్చి మతి తప్పిందన్నాను. అలాంటి మాట నేను ఆమెని అంతకుముందు అనలేదు. ఆమె గచ్చు మీది నెత్తళ్లు ఒక్కొక్కటే ఏరింది. నేను హాల్లోకి వచ్చి కర్ర చూశాను. పిడి మీద సొట్ట ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎవరో తిరగబడ్డ కూలీని తాత కొట్టినప్పుడు పడిందని నాన్న చెప్పేవాడు.

అప్పటిదాకా నాకు ఒక్క చెయ్యి గురించే భయం. ఇప్పుడు ఆ భయంలో ఆనుకోవడానికి తాత అనే గోడ కూడా లేకుండా పోయింది.

ఆట సాయంత్రం నాలుగింటికి. మైదానం పక్కన డేరా వేశారు. జనం మూడు వరసల కుర్చీలకి మించి లేరు, అయినా జెండా ఎగురుతోంది. అవతలి జట్టువాళ్లు పరుగులు తీస్తున్నారు. నేను వాళ్లలో ఎవరు బరువో, ఎవరు నా వైపు వస్తారో చూస్తున్నాను. నున్నగా గుండు చేయించుకున్నవాడొకడు తల ముందుకి పెట్టి అభ్యాసానికి పెట్టిన మెత్తటి సంచీని గుద్దుతున్నాడు. ప్రతి చప్పుడూ నా మెడలో వినపడింది. ఆ అమ్మాయి నాకు దూరంగా నిలబడి ఎవరికో పట్టీ కడుతోంది, కాని చూపు నా మీదే ఉంది.

కోచ్ ఒక అట్ట మీద కాగితాలు పెట్టి బెంచీ ఈ చివర్నుంచి పంపించాడు. తలకొక కాగితం. నాకు ఏ దెబ్బా లేదు, నా ఇష్టంతోనే ఆడుతున్నాను, అని మలయ్‌లో రాసి ఉంది. సంతకం పెట్టాలి. అట్ట నా ఒళ్లోకి వచ్చింది. గాలికి కాగితం లేస్తోంది. కుడిచేతిలో కలం ఉంది కనక ఎడమచేత్తో కాగితం అదిమి పట్టాలి. బొటనవేలు కాగితం మీద పెట్టాను. పెట్టినట్టు కళ్లకి కనిపిస్తోంది, వేలికి తెలియడం లేదు. కాగితం దాని కింద నుంచి మెల్లగా జారిపోయింది.

ఒళ్లంతా చెమట పట్టింది.

"సార్, నేను ఆడలేను."

కోచ్ వెనక్కి తిరిగాడు. "ఏమైంది? కడుపా?"

"రాజాకి నిన్నటి దురియన్ పండు పడలేదు," అన్నాడు సబా మనిషి. బెంచీ అంతా నవ్వింది.

కడుపు అనొచ్చు. అంతా నమ్మేవారు. ఒక మాత్ర ఇచ్చి, పాపం అని, మళ్లీ ఆటకి పిలిచేవారు. వెనక్కి రావడం ఒక్కటే అయితే తాతది పెద్ద తప్పేమీ కాదు. సాయంత్రం జనానికి ఆ మాట చెప్పాక మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లలేకపోయాడు, దానితోనే ఇల్లు పోయింది. అది కూడా నాకు అప్పుడు ఇంత స్పష్టంగా తోచలేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఆ నున్నటి గుండు ఒక్కటే.

"కడుపు కాదు. ఎడమ చెయ్యి పనిచెయ్యడం లేదు. ఇపో నుంచి. నాకు భయంగా ఉంది."

భయాన్ని మలయ్‌లో తాకుత్ అంటారు. ఆ మాట నేను ఇతరుల గురించే వాడాను. నా గురించి అనేటప్పుడు గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది. అవతలి చివర కూర్చున్నవాడికి కూడా వినపడింది.

నవ్వు ఆగిపోయింది. కోచ్ నా దగ్గరికి వచ్చి కిందికి వంగాడు.

"ఇపో నుంచా? అప్పటి నుంచి ఎన్ని ఆడావు?"

"నాలుగు."

"నాలుగు ఆటలు నా పక్కన నిలబడి అబద్ధమాడావు." ఆయన దవడ కదిలింది. ఓదార్చలేదు, భుజం తట్టలేదు. "జెర్సీ విప్పు."

తలమీంచి విప్పుతుంటే ఎడమ చెయ్యి చొక్కాలో చిక్కుకుపోయింది. అందరూ చూస్తుండగా ఆ అమ్మాయి వచ్చి చిన్నపిల్లాడికి తీసినట్టు తీసింది. నా చెమటతో తడిసిన జెర్సీని పక్కన అదనంగా ఉన్నవాడు తొడుక్కున్నాడు. అతని ముఖం వెలిగిపోయింది, దాచుకోలేకపోయాడు. జట్టు మైదానంలోకి వెళ్తుంటే సబా మనిషి నన్ను దాటి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నా ఎడమ భుజం మీద వేళ్లు ఆనించి కళ్లకద్దుకుని పరుగెత్తాడు. అతని కాలు నాకు తగల్లేదు.

ఆట అంతా చూశాను. చూశానని చెప్పుకోవడమే. పన్నెండో నంబరు పడగొట్టడానికి వెళ్లిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టాను. అతను ప్రతిసారీ లేచాడు. గుండువాడితో ఢీకొన్నప్పుడు కూడా లేచాడు, మోకాలి మీద మట్టి దులుపుకుని వెనక్కి పరుగెత్తాడు. నాకు సిగ్గేసింది. నేను కూడా లేచేవాణ్ణేమో అనిపించింది. మేం చాలా తేడాతో ఓడిపోయాం.

ఆ మరుసటి వారం ప్రభుత్వాసుపత్రిలో టోకెన్ తీసుకుని, నాకంటే ముందొచ్చిన వాళ్ల వెనక నిలబడ్డాను. ఆ అమ్మాయి క్లాసు మానుకుని తోడొచ్చింది. స్కాన్ గొట్టంలో పడుకోబెట్టి కదలొద్దన్నారు. ఆ చప్పుళ్ల మధ్య నేను కాలి వేళ్లు కదిపి చూసుకుంటూనే ఉన్నాను, అవి ఉన్నాయా లేవా అని. తరవాత డాక్టరు ఆ బొమ్మ వెలుగు మీద పెట్టి, మెడ ఎముకల మధ్య మెత్తటి బిళ్ల బయటికి పొడుచుకొచ్చిన చోటు కలంతో చూపించాడు. ఇంత చిన్నదా అనిపించింది.

"ఇంకో దెబ్బ తగిలి ఉంటే?" అని అడిగాను.

"ఏమీ కాకపోయి ఉండొచ్చు. మెడ కింద ఏదీ కదలకపోయి ఉండొచ్చు. నేను రెండు రకాలూ చూశాను," అన్నాడు. ఇక ఆట వద్దని మాత్రం రాసిచ్చాడు.

దేశంలో ఈ ఆట మొదట ఆడినవాళ్లలో నేనొకణ్ణి. మొత్తం ఆడినవి పదకొండు ఆటలు. ఆడని పన్నెండోది నాకు కలలో వస్తుంది. కలలో కాగితం మీద సంతకం పెడతాను, కాగితం జారదు. గుండువాడు వస్తాడు. అక్కడ మెలకువ వస్తుంది. మెలకువ రాగానే కాళ్లు కదిపి చూసుకుంటాను.

ఆటరోజు ఇంటికి వచ్చేసరికి మామ్మ తలుపు తీసి నా చేతిలో జెర్సీ లేకపోవడం చూసింది.

"ఏటి, ఆడలేదా?"

"లేదు మామ్మా. భయమేసింది."

"అందరి ముందరా సెప్పినావా?"

"అందరి ముందరా."

ముందురోజు నేనన్న మాటకి క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. నాకు అలాంటివి ఇప్పటికీ తొందరగా రావు. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా ఎడమచేతిని తన ఒళ్లో పెట్టుకుని, కొబ్బరినూనె రాసి బొటనవేలు నొక్కడం మొదలుపెట్టింది.

"తెలుస్తున్నాదా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

రోజూ సాయంత్రం అదే. నేను పని నుంచి వచ్చేసరికి నూనె గిన్నె సిద్ధంగా ఉండేది. ఒకరోజు, మూడో నెలలో అనుకుంటాను, ఆమె గోరు తగిలినట్టు అనిపించింది. ఎక్కడో దూరంగా, గోడ అవతల ఎవరో తట్టినట్టు. మామ్మ తల వంచుకుని నొక్కుతోంది. ఆమె బొటనవేలు నా వేలి మీద, నూనెతో మెరుస్తూ, ముడతలు పడి ఉంది.

"తెలుస్తున్నాదా?"

"ఇంకా లేదు మామ్మా," అన్నాను. "ఇంకొంచెం నొక్కు."